చప్పుడు తక్కువ ఎయిర్‌సాఫ్ట్ పిస్టల్: సైడ్‌ఆర్మ్‌గా ఏది తీసుకోవాలి?

ఎయిర్‌సాఫ్ట్ అంటే నిజమైన తుపాకీల్లా ఉండే ఆట తుపాకీలతో బీబీలనే చిన్న ప్లాస్టిక్ గుళ్ళు కాల్చుకునే ఆట. అందులో రైఫిల్‌కి తోడుగా నడుముకి కట్టుకునే రెండో తుపాకీనే సైడ్‌ఆర్మ్ అంటారు. సైలెన్సర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు తేల్చుకోవాల్సింది స్లైడ్, అంటే పిస్టల్ పైభాగపు తొడుగు సంగతి. కాల్చినప్పుడు స్లైడ్ వెనక్కీ ముందుకూ కొట్టుకునే పిస్టల్‌కి ఎంత ఖరీదైన సైలెన్సర్ పెట్టినా ఆ ఇనుప చప్పుడు తగ్గదు. స్లైడ్ కదలని పిస్టల్ అయితే సైలెన్సర్ లేకుండానే సగం పని అయిపోయినట్టు. ఈ ఒక్క విషయం తెలియక, మంచి బ్లోబ్యాక్ (స్లైడ్ కదిలే) పిస్టల్ కొని, దానికి సైలెన్సర్ కొని, అది చాలక లోపల ఫోమ్ మార్చి, చివరికి పక్క పొదలో ఉన్నవాడికి వినిపిస్తూనే ఉందేమిటని తల పట్టుకునేవాళ్ళు చాలామంది.

చప్పుడు లేని సైడ్‌ఆర్మ్ ఎక్కువగా స్నైపర్లకు కావాలి. అమెరికాలో చాలా ఫీల్డ్‌లు బోల్ట్ యాక్షన్ (ప్రతి దెబ్బకీ చేత్తో లాగాల్సిన) రైఫిల్‌కి 0.20 గ్రాముల బీబీతో సుమారు 500 ఎఫ్‌పీఎస్ (సెకనుకు అడుగులు) దాకా, అంటే 2.3 జూల్స్ దాకా అనుమతిస్తాయి. దానికి బదులుగా 100 అడుగుల లోపల ఉన్నవాళ్ళ మీద ఆ రైఫిల్ వాడకూడదని నియమం పెడతాయి. ఆ 100 అడుగుల లోపలికి ఎవరైనా వస్తే చేతికి పిస్టలే దిక్కు. అప్పటిదాకా ఆకుల మధ్య కదలకుండా పడుకున్న మనిషి ఒక్క 'టక్' శబ్దంతో దొరికిపోతే పొద్దుటి నుంచి పడ్డ పాట్లన్నీ వృథా.

శబ్దం ఎక్కడి నుంచి వస్తుంది

ఎయిర్‌సాఫ్ట్ బీబీ శబ్దవేగాన్ని ఎప్పుడూ దాటదు. 20 డిగ్రీల దగ్గర శబ్దవేగం సెకనుకు 343 మీటర్లు. 350 ఎఫ్‌పీఎస్ పిస్టల్ బీబీ వేగం 107 మీటర్లే. కాబట్టి గాల్లో పోతున్న గుండు చేసే పగులు శబ్దం అనేది ఇక్కడ ఉండదు. వినిపించేదంతా పిస్టల్‌లో పుట్టేదే, అవి మూడు.

మొదటిది మూతి దగ్గర గ్యాస్ ఒక్కసారిగా బయటపడే 'పఫ్'. బీబీ బారెల్ దాటే క్షణానికి దాని వెనక ఎంత ఒత్తిడి మిగిలి ఉందో దాన్నిబట్టి ఈ శబ్దం. బారెల్ పొడవుగా ఉండి, గ్యాస్ కొలతగా వదిలితే, బయటికొచ్చేసరికి ఒత్తిడి చాలావరకు ఖర్చయిపోయి ఉంటుంది. సైలెన్సర్ తగ్గించేది ఈ ఒక్క శబ్దాన్నే.

రెండోది స్లైడ్ దెబ్బ. వెనక్కి పోయి ఫ్రేమ్‌ని ఒకసారి, ముందుకొచ్చి ఇంకోసారి కొడుతుంది. మెటల్ స్లైడ్ అయితే గట్టిగా, ప్లాస్టిక్ స్లైడ్ అయితే కాస్త మెత్తగా. మూడోది హామర్ (ట్రిగ్గర్ నొక్కితే కొట్టే చిన్న సుత్తి) గ్యాస్ వదిలే వాల్వ్‌ని కొట్టే 'టిక్'. మొదటి రెండూ ఉన్నంతసేపు ఇది వినిపించదు. ఆ రెండూ పోయాక ఇదే పెద్దగా తోస్తుంది. బ్యాటరీ పిస్టళ్ళలో వీటి బదులు మోటారు, గేర్ల రొద, పిస్టన్ కొట్టుకునే చప్పుడు ఉంటాయి.

స్లైడ్ కదలని గ్యాస్ పిస్టల్: ఎంకే23 కుటుంబం

చప్పుడు లేకపోవడమే మొదటి అవసరమైతే ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. చాలామందికి ఇక్కడే ముగించినా చాలు. ఆటగాళ్ళు దీన్ని ఎన్‌బీబీ అంటారు, అంటే బ్లోబ్యాక్ లేనిది. జపాన్‌కి చెందిన టోక్యో మారుయి చేసే సోకామ్ ఎంకే23 ఈ రకానికి మూలపురుషుడు. పెట్టెలోనే సైలెన్సర్, ముందు తగిలించే లైట్ ఆకారపు మాడ్యూల్ వస్తాయి. మ్యాగజైన్‌లో 28 బీబీలు పడతాయి. ఇదే నమూనా మీద ఏఎస్‌జీ అనే కంపెనీ అమ్మే ఎంకే23, ఆస్ట్రియా కంపెనీ నోవ్రిచ్ తెచ్చిన ఎస్‌ఎస్‌ఎక్స్23 కూడా ఉన్నాయి. కేడబ్ల్యూఏ కంపెనీ ఎంకే23 మాత్రం వేరు. పేరూ రూపూ ఒకటే అయినా అది బ్లోబ్యాక్. పేరు చూసి కొంటే ఇక్కడే మోసపోతారు, పెట్టె మీద స్లైడ్ కదలనిదని రాసి ఉందో లేదో చూడాలి.

ఇది ఎందుకంత నిశ్శబ్దం? స్లైడ్‌ని తోయడానికి గ్యాస్ ఖర్చు చేయనక్కర్లేదు కాబట్టి వాల్వ్ వదిలేది కొద్ది గ్యాసే. బారెల్ మాత్రం పిస్టల్ లెక్కలో పొడవైనది, 133 మిల్లీమీటర్లు. కొద్ది గ్యాస్, పొడవు బారెల్ కలిసేసరికి మూతి దగ్గర పెద్దగా ఒత్తిడి మిగలదు. ఆ మిగిలినదాన్ని సైలెన్సర్‌లోని ఫోమ్ మింగేస్తుంది. గ్యాస్ పొదుపు కూడా దీనివల్లే, ఒకసారి నింపిన గ్యాస్ ఒక మ్యాగజైన్ బీబీలు అయ్యాక కూడా మిగులుతుంది. పదే పదే కాల్చినా మ్యాగజైన్ తొందరగా చల్లబడదు, అందుకే మొదటి బీబీకీ పదో బీబీకీ వేగంలో తేడా తక్కువ. గురి కూడా ఆ నిలకడ వల్లే.

ఇంకో లాభం చాలామంది గమనించరు. టోక్యో మారుయి పిస్టళ్ళు జపాన్‌లో వాడే తక్కువ ఒత్తిడి గ్యాస్‌కి తయారైనవి, ఎందుకంటే అక్కడ 2006లో మారిన చట్టం 6 మిల్లీమీటర్ల బీబీకి 0.98 జూల్‌కి మించి ఒప్పుకోదు. అదే కంపెనీ బ్లోబ్యాక్ పిస్టల్‌లో ఎక్కువ ఒత్తిడి ఉండే గ్రీన్ గ్యాస్ పోస్తే ప్లాస్టిక్ స్లైడ్ కొన్నాళ్ళకి పగులుతుంది. ఎంకే23లో కొట్టుకునే స్లైడే లేదు గనక ఆ భయం లేదు.

ఇక లోపాలు. ట్రిగ్గర్ బరువు. బ్లోబ్యాక్‌లో స్లైడే హామర్‌ని వెనక్కి తీసి పెడుతుంది, ఇక్కడ ఆ పనంతా మీ వేలిదే. పొడవైన, బరువైన లాగుడు వల్ల మూతి కిందికి, పక్కకి జారి 15 మీటర్ల దగ్గరే గురి తప్పుతుంది. అందుకని మొదటి దెబ్బకి బొటనవేలితో హామర్‌ని వెనక్కి లాగి పెట్టుకోవాలి, అప్పుడు ట్రిగ్గర్ తేలికవుతుంది. ఆ లాగడంలోనూ 'క్లిక్' వస్తుంది. ఎదుటివాడు దగ్గరికి రాకముందే లాగేసి సేఫ్టీ వేసి ఉంచుకోవాలి. వరుసగా ఐదారు వేయాల్సిన హడావిడిలో ఈ పిస్టల్ నెమ్మదే.

హాప్‌అప్, అంటే బీబీ దూరం పోయేలా దాన్ని రబ్బర్‌తో రాసి వెనక్కి తిప్పే ఏర్పాటు, రెండో సమస్య. కొత్త పిస్టల్ బాగానే కొడుతున్నా కొన్నాళ్ళకి బీబీలు ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి పోతుంటే, హాప్ రబ్బర్‌ని నొక్కే చేయి వదులై పక్కకి ఒరుగుతోందని అర్థం. లోపలి బారెల్ బయటి బారెల్‌లో కదులుతున్నా ఇదే లక్షణం. బారెల్ చుట్టూ రెండు చోట్ల పలుచని టేపు, ఒక్కొక్క చుట్టు చొప్పున, బిగుతుగా కూర్చునేదాకా వేస్తే ఆ కదలిక పోతుంది. ఎక్కువ చుట్టేస్తే బారెల్ వంకరగా కూర్చుంటుంది. రబ్బర్ మార్చాల్సి వస్తే జూల్ దాటని పిస్టల్‌కి 50 డిగ్రీల (ఇది రబ్బర్ గట్టిదనం కొలత) మెత్తనిది సరిపోతుంది. గట్టి రబ్బర్ పెడితే బీబీకి సరైన తిరుగుడు రాక ముందే నేల చూస్తుంది.

మూడోది సైజు. సైలెన్సర్‌తో కలిపి దాదాపు 42 సెంటీమీటర్ల పొడవు. మామూలు హోల్‌స్టర్‌లో పట్టదు, అడుగు తెరిచి ఉన్నది కావాలి. పాకుతూ వెళ్ళేవాళ్ళకి నడుం పక్కన ఇది నేలకి రాసుకుంటుంది, పొట్ట మీదో వీపు సంచి పక్కనో కట్టుకోవడం నయం. ఇది పెద్ద పిస్టల్ అని తెలిసి కొనండి, ఇంటికి వచ్చాక ఆశ్చర్యపోవద్దు.

బ్లోబ్యాక్ పిస్టల్‌కి సైలెన్సర్

టోక్యో మారుయి హై-కాపా 5.1, గ్లాక్ రకాలు, వాటి నకళ్ళు ఈ కోవలోవి. హై-కాపాలో 31, గ్లాక్ 17లో 25 బీబీలు పడతాయి. ట్రిగ్గర్ తేలిక, వెంట వెంటనే కాల్చవచ్చు, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. గదుల్లో, కంటైనర్ల మధ్య ఆడే ఆటకి ఇవే మేలు. అక్కడ నిశ్శబ్దం కంటే రెండో దెబ్బ ఎంత త్వరగా పడుతుందన్నదే లెక్క.

నిశ్శబ్దంగా కావాలంటే వీటిలో ఎంపిక తిరగబడుతుంది. నిజమైనదానిలా ఉండాలని మెటల్ స్లైడ్, గట్టి దెబ్బ ఉండాలని సీఓ2 కోరుకునేవాళ్ళు అన్నిటికంటే పెద్ద చప్పుడు కొనుక్కుంటున్నట్టే. ప్లాస్టిక్ స్లైడ్, తక్కువ ఒత్తిడి గ్యాస్, దానికి సైలెన్సర్ పెడితే మూతి శబ్దం పోయి స్లైడ్ 'చక్ చక్' మాత్రం మిగులుతుంది. అడవిలో గాలి వీస్తుంటే, దూరంగా ఎవరో కాలుస్తుంటే అది కలిసిపోతుంది. నిశ్శబ్దంగా ఉన్న చోట కలవదు. ఇంకోటి, సైలెన్సర్ బరువు ముందు వేలాడి బయటి బారెల్‌ని వంచుతుంది. బారెల్ కదిలి స్లైడ్‌తో పాటు ఒరిగే నమూనాల్లో స్లైడ్ పూర్తిగా వెనక్కి పోకుండా ఇరుక్కోవచ్చు. తేలికైన అల్యూమినియం సైలెన్సరే తీసుకోండి.

బ్యాటరీ పిస్టల్, స్ప్రింగ్ పిస్టల్

ఏఈపీ అనే బ్యాటరీ పిస్టళ్ళని చాలామంది బొమ్మలని తీసిపారేస్తారు. అది తప్పు. చలి దేశాల్లో వీటికి సాటి లేదు. టోక్యో మారుయి గ్లాక్ 18సీ, దాని నకలుగా సైమా కంపెనీ చేసే సీఎం.030 ప్రసిద్ధమైనవి. సైమాలోనే మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్) పెట్టి 7.4 వోల్టుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీతో నడిచే రకం ఉంది, ట్రిగ్గర్ స్పందన పాత 7.2 వోల్టుల నికెల్ బ్యాటరీ రకం కంటే చురుకు. మూతి శబ్దం చాలా తక్కువ, కానీ గేర్ల 'జీ' అనే రొద పదిమీటర్ల దగ్గర స్పష్టంగా తెలుస్తుంది. గ్యాస్ పిస్టల్ 'టిక్' కొమ్మ విరిగినట్టుంటే, ఈ రొద మాత్రం యంత్రం తప్ప ఇంకేమీ కాదని ఎవరికైనా తెలిసిపోతుంది. శక్తి తక్కువ కాబట్టి 0.20 లేదా 0.25 గ్రాముల బీబీలకి మించి వేయకూడదు. ఫుల్ ఆటో ఉందని నొక్కి పట్టకుండా ఒక్కొక్కటే వేయండి.

స్ప్రింగ్ పిస్టల్ ధరలో అన్నిటికంటే తక్కువ, కాల్చినప్పుడు శబ్దమూ తక్కువ. అయితే ప్రతి దెబ్బకీ రెండు చేతులతో స్లైడ్ లాగాలి, ఆ లాగుడు శబ్దం దెబ్బ శబ్దం కంటే పెద్దది. ఒక్క దెబ్బతో పని అయిపోతుందని నమ్మకం ఉన్నవాడికి, పదిహేనేళ్ళ పిల్లాడికి మొదటి పిస్టల్‌గా, గ్యాస్ దొరకని చోట పనికొస్తుంది. అంతకుమించి ఆశించకూడదు.

గ్యాస్ రివాల్వర్లలోనూ స్లైడ్ లేదు కాబట్టి అవీ మెత్తగానే పలుకుతాయి. కానీ మళ్ళీ నింపడం ఆలస్యం, సైలెన్సర్ తగిలించే ఏర్పాటు చాలావాటికి ఉండదు.

ఏ గ్యాస్, ఎంత వేడిలో

గ్రీన్ గ్యాస్ అంటే ప్రొపేన్, దాంట్లో కొద్దిగా సిలికాన్ ఆయిల్. ప్రొపేన్ ఆవిరి ఒత్తిడి 0 డిగ్రీల దగ్గర సుమారు 4.7 బార్, 20 దగ్గర 8.4, 40 దగ్గర 13.7. జపాన్‌లో వాడే 134ఏ గ్యాస్‌కి అవే ఉష్ణోగ్రతల దగ్గర 2.9, 5.7, 10.2 బార్. ఈ అంకెలు ఒకసారి చూస్తే చాలా సమస్యలకు జవాబు దొరుకుతుంది. డల్లాస్ ఎండలో గ్రీన్ గ్యాస్‌తో చప్పుడు పెరుగుతుంది, ఫీల్డ్ వేగ పరిమితి దాటే ప్రమాదమూ ఉంది. అదే ఎండలో 134ఏ నింపితే చల్లటి రోజు గ్రీన్ గ్యాస్‌లా పనిచేస్తుంది, శబ్దం తక్కువ. న్యూజెర్సీ జనవరిలో 134ఏ దాదాపు పనికిరాదు.

స్లైడ్ కదలని పిస్టల్‌లో ఇంకో చిక్కు ఉంది. ఒత్తిడి మరీ పెరిగితే అది వాల్వ్‌ని గట్టిగా మూసి పట్టుకుంటుంది. హామర్ దెబ్బకి వాల్వ్ సరిగ్గా తెరుచుకోదు, వేగం పెరగాల్సింది పోయి పడిపోతుంది, ఒక్కోసారి బీబీ బారెల్‌లోనే ఆగిపోతుంది. అలా జరిగితే హామర్ స్ప్రింగ్ గట్టిది వేయడానికి తొందరపడకండి. గ్యాస్ మార్చండి, మ్యాగజైన్‌ని నీడలో ఉంచండి. గట్టి స్ప్రింగ్ వేస్తే ట్రిగ్గర్ ఇంకా బరువవుతుంది, 'టిక్' ఇంకా పెద్దదవుతుంది.

నింపేటప్పుడు డబ్బాని తలకిందులుగా, మ్యాగజైన్ అడుగున నిటారుగా పెట్టి ఐదారు సెకన్లు నొక్కాలి. మరీ నిండా నింపితే ద్రవం ఆవిరి కాకముందే మూతిలోంచి తెల్లటి పొగలా చిమ్ముతుంది. హాప్ రబ్బర్ గడ్డకట్టి మొదటి రెండు మూడు బీబీలు ఎటో పోతాయి, శబ్దమూ పెరుగుతుంది. నింపాక రెండు నిమిషాలు ఆగి కాల్చండి. 134ఏ గానీ, వంట ప్రొపేన్‌ని అడాప్టర్‌తో గానీ వాడేవాళ్ళు నింపే ముందు మూడు నాలుగు చుక్కల సిలికాన్ ఆయిల్ వేయాలి, లేకపోతే ఓరింగులు (గ్యాస్‌ని ఆపే రబ్బర్ వలయాలు) ఎండి లీకవుతాయి. లీకు ఎక్కడో తెలియాలంటే మ్యాగజైన్‌ని నీళ్ళలో ముంచి బుడగలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. దాచిపెట్టేటప్పుడు కొద్దిగా గ్యాస్ లోపల ఉంచాలి, అప్పుడు సీళ్ళు తమ చోట అదిమి కూర్చుంటాయి. నిండు మ్యాగజైన్‌ని ఎండలో నిలిపిన కారులో మాత్రం వదలకండి.

సైలెన్సర్ ఎంచుకునేటప్పుడు

ముందు మర చూడండి. ఎయిర్‌సాఫ్ట్ సైలెన్సర్లలో ఎక్కువ భాగం 14 మిల్లీమీటర్ల ఎడమ మర. టోక్యో మారుయి ఎంకే23ది 16 మిల్లీమీటర్ల కుడి మర, వేరే సైలెన్సర్ పెట్టాలంటే అడాప్టర్ కావాలి. చాలా బ్లోబ్యాక్ పిస్టళ్ళకి 11 మిల్లీమీటర్ల నుంచి 14కి మార్చే అడాప్టర్ వాడతారు. అడాప్టర్ చేరిన ప్రతిచోటా సైలెన్సర్ కాస్త వంకరగా కూర్చునే అవకాశం పెరుగుతుంది. బిగించాక, మ్యాగజైన్ తీసేసి, బారెల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నాక, హాప్ వైపు నుంచి టార్చి వేసి ముందు నుంచి చూడండి. బారెల్ రంధ్రం సైలెన్సర్ రంధ్రం మధ్యలో గుండ్రంగా కనిపించాలి. ఒక పక్క చంద్రవంకలా మసకబారితే బీబీ ఫోమ్‌ని తాకుతోందన్నమాట. బీబీ 15 మీటర్ల దాకా చక్కగా వెళ్ళి ఒక్కసారిగా పక్కకి తిరిగితే కారణం ఇదే.

లోపల మెత్తటి, గాలి పీల్చే ఫోమ్ ఉండాలి. పెట్టెతో వచ్చేది చాలాసార్లు పలుచని చుట్ట. దాన్ని తీసి, మధ్యలో 10 మిల్లీమీటర్ల దాకా రంధ్రం ఉన్న ఒత్తయిన ఫోమ్ బిళ్ళలు పేర్చవచ్చు. మూతి దగ్గర కొంత ఖాళీ చోటు వదలండి, గ్యాస్ ముందు అక్కడ విప్పారి ఆ తర్వాత ఫోమ్‌లోకి పోతే శబ్దం ఇంకా మెత్తబడుతుంది. ఆయిల్ ఎక్కువైతే ఫోమ్ నానిపోయి పని మానేస్తుంది, ఏడాదికోసారి మార్చడం మంచిది.

బీబీ బరువు కూడా శబ్దంలో భాగమే. స్లైడ్ కదలని పిస్టల్‌లో 0.20 బదులు 0.28 లేదా 0.30 వేస్తే బీబీ బారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది, గ్యాస్ దాన్ని తోయడానికే ఎక్కువ ఖర్చవుతుంది. మూతి శబ్దం తగ్గుతుంది, గాలికి గురి తక్కువ చెదురుతుంది. వేగం అంకె తక్కువ కనిపించినా శక్తి తగ్గలేదని గుర్తుంచుకోండి. ఒక జూల్ అంటే 0.20తో 328 ఎఫ్‌పీఎస్, 0.28తో 277, 0.30తో 268. ఆడబోయే బీబీతోనే వేగం కొలిపించుకోండి.

కొనే ముందు వినాలంటే ఫోన్ వీడియోలని నమ్మకండి. ఫోన్ మైకు పెద్ద శబ్దాన్ని తనంతట తనే తగ్గించి, చిన్నదాన్ని పెంచి చూపిస్తుంది. స్నేహితుణ్ణి 15 మీటర్ల అవతల అటువైపు తిరిగి నిలబడమనండి. కళ్ళజోడు ఇద్దరికీ ఉండాలి, మీరు కాల్చేది అతనికి దూరంగా ఉన్న మట్టిగట్టు మీదికి. ఎన్నిసార్లు విన్నాడో, ఏ దిక్కు నుంచి వచ్చిందనుకున్నాడో అడగండి. వినిపించినా దిక్కు తెలియకపోతే ఆ పిస్టల్ ఆటకి సరిపోయింది.

చట్టం మాట

అమెరికాలో దిగుమతయ్యే ఎయిర్‌సాఫ్ట్‌కి మూతి దగ్గర నారింజ గుర్తు ఉండాలి. సైలెన్సర్ పెడితే అది దాక్కుంటుంది కాబట్టి ఫీల్డ్ బయట తీసి, సంచిలో మూసి తీసుకెళ్ళండి. ఎయిర్‌సాఫ్ట్ సైలెన్సర్‌ని నిజమైన తుపాకీకి తగిలించే ఆలోచన, అందుకోసం అడాప్టర్ చేయించడం అసలు వద్దు. నిజమైన తుపాకీ శబ్దం తగ్గించేదేదైనా 1934 నాటి నేషనల్ ఫైరార్మ్స్ యాక్ట్ కిందికి వస్తుంది. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో ఇంకో మెట్టు జాగ్రత్త కావాలి. అక్కడి చట్టంలో తుపాకీ అన్న మాటకి ఇచ్చిన నిర్వచనం, మనిషిని గాయపరచగల బలంతో అంగుళంలో 3/8 కంటే సన్నని గుండుని గాలితోనో గ్యాస్‌తోనో స్ప్రింగుతోనో వదిలేవాటినీ కలుపుకుంటుంది. వీసా మీద ఉన్నవాళ్ళు ఆర్డర్ పెట్టేముందే స్థానిక లాయర్‌ని అడగడం మంచిది. బ్రిటన్‌లో 2006 నాటి చట్టం ప్రకారం నిజమైనదానిలా కనిపించే పిస్టల్ కొనడానికి 18 ఏళ్ళు నిండాలి, గుర్తింపు ఉన్న ఫీల్డ్‌లో ఆడుతున్నట్టు ఆధారం చూపాలి.

ఇండియాకి తీసుకెళ్ళడం గురించి అడిగేవాళ్ళకి ఒకటే మాట, వద్దు. అక్కడ లైసెన్సు అక్కర్లేని ఎయిర్‌గన్ అంటే 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జూల్స్ లోపు. ఎయిర్‌సాఫ్ట్ 6 మిల్లీమీటర్లు. శంషాబాద్ కస్టమ్స్ దగ్గర నిజమైన పిస్టల్‌లా ఉన్న దాన్ని బొమ్మ అని నిరూపించే బాధ మీ మీద పడుతుంది. గ్యాస్ డబ్బాలు, సీఓ2 గుళికలు విమానంలో ఏ సామానులోనూ పెట్టకూడదు.

ఎవరికి ఏది

పొదల్లో ఆడే స్నైపర్, వెచ్చని ప్రాంతం: ఎంకే23 రకం, 0.28 లేదా 0.30 బీబీ, అందిన గ్యాస్‌లలో తక్కువ ఒత్తిడిది. డబ్బు మిగిలితే సైలెన్సర్ ఫోమ్ మీద, హాప్ రబ్బర్ మీద పెట్టండి, పిస్టల్ మీద కాదు. అదే స్నైపర్ మంచు కురిసే చోట ఆడితే వేసవికి ఎంకే23, శీతాకాలానికి లైపో ఏఈపీ. రెండూ కొనలేకపోతే ఏ కాలంలో ఎక్కువ ఆడతారో దానికి తగినది.

గదుల మధ్య ఆట, అప్పుడప్పుడు మాత్రమే నిశ్శబ్దం కావాలి: ప్లాస్టిక్ స్లైడ్ హై-కాపా లేదా గ్లాక్, తేలికైన సైలెన్సర్. సీఓ2 రకం ఈ పనికి వద్దు.

ఇప్పటికే మంచి బ్లోబ్యాక్ చేతిలో ఉండి, దాన్ని నిశ్శబ్దం చేయాలనుకునేవాళ్ళు ముందు గ్యాస్ మార్చి, బరువైన బీబీ వేసి, స్నేహితుడి చెవితో పరీక్షించండి. ఆ తర్వాత కూడా దిక్కు దొరికిపోతుంటే ఇంకో రూపాయి దాని మీద పెట్టకుండా ఎంకే23 కోసం దాచుకోండి.